స్కీ బూట్ల చట్రప్రవేశం

ఎర్రబడింది! తూకపు యంత్రం నుదుటి మీది అంకె ప్రళయకాల సూర్యబింబంలా భగ్గున ఎర్రబడింది!

గాజుగోడల మీదుగా ప్రాతఃకాలపు లేత ఎండ ఏటవాలుగా దిగుతున్న వేళ, చక్రాల పెట్టెల ఘర్ఘరారావం దిక్కులను దద్దరిల్లజేస్తుండగా, బారులు తీరిన ప్రయాణికసేన అంగుళం అంగుళంగా ముందుకు జరుగుతుండగా, ఆ విమానాశ్రయ మహామండపంలో, చిట్టచివరి కౌంటరు ముందు, నల్లటి చేతిసామాను బ్యాగు ఒకటి తూకపు బల్లపై తొణకక బెణకక నిటారుగా నిలిచి ఉంది. దాని ఎదుట ఒక మహావీరుడు నిలిచి ఉన్నాడు.

“మూడు కిలోలు ఎక్కువుంది సార్,” అంది కౌంటరు అమ్మాయి.

యుద్ధప్రకటన అంత క్లుప్తంగా వెలువడటం చరిత్రలో అరుదు.

ఎవరా వీరుడు? ఇళ్ళ సామాను తరలించే కంపెనీలో లోడింగ్ సూపర్‌వైజరు. బీరువాలను మెట్ల మలుపుల్లో పసిపిల్లల్లా తిప్పినవాడు, సోఫాల పొగరణచినవాడు, ఒక నిండు సంసారాన్ని ఒక్క లారీలో ఇమిడ్చి, ఇంకా మిగిలిన మూలను చూపించి “చీపురు ఇలా ఇవ్వండి” అని అడిగినవాడు. రజ్జుబంధవిశారదుడు. అట్టపెట్టెల పాలిటి ఆపద్బాంధవుడు. ఆ బ్యాగును సర్దింది ఆయనే. స్వయంగా, తలుపు గడియ పెట్టుకుని సర్దాడు.

“అసంభవం!” అన్నాడు వీరుడు. ఆ గర్జనకు వెనక వరసలో నిద్రపోతున్న ఒక ముసలాయన ఉలిక్కిపడ్డాడు. “ఇంట్లో నా చేతులతో తూచాను. హద్దుకి లోపలే ఉంది. నా వ్యూహంలోకి ఎవరో చొరబడ్డారు. మనలోనే ఉన్నారు. వాళ్ళెవరో తేలేదాకా నేను ఇక్కణ్ణించి కదలను!”

“కదలకపోతే విమానం కదులుతుందండీ,” అంది ఆయన భార్య.

ఆమె నడుమునొప్పుల డాక్టరమ్మ. ఎందరివో వంగిన వెన్నెముకలను నిలబెట్టిన ఆ ఇల్లాలి గొంతు ఆ రోజు మాత్రం వణికింది. వణకదా మరి! మర్నాడు పొద్దున్నే, పర్వతశిఖరాన, నలభై దాటిన ఆడవాళ్ళకు మంచువాలు మీద స్కీ పందెం. ఆ నల్లబ్యాగు గర్భంలో ఉన్నవి ఆమె స్కీ బూట్లు. వేడిచేసి, మెత్తబరిచి, ఆమె పాదాల వంపుకు, ఆమె కుడికాలి బొటనవేలి పక్క బుడిపెకు సహా, అచ్చుపోసినట్టు మలిచిన పాదరక్షారత్నాలు. కిందటి శీతాకాలం ఇవే బూట్లను విమానం కడుపులో వేసి పంపితే అవి ఎటో దేశాటనకు వెళ్ళిపోయాయి. అద్దెబూట్లతో బరిలో దిగిన ఆ వీరనారి, గోళ్ళు వంకాయరంగుకు తిరగ్గా, మనవరాళ్ళున్న ఒక పెద్దావిడ వెనకాల, ఆఖరిగా గమ్యం చేరింది. ఆ పెద్దావిడ ఆగి చేయి అందించింది కూడా. పరాజయాన్ని మరిచిపోవచ్చు, ఆ చేతిని మరవడం ఎలా?

“లోపలి సామానుతో వేసేస్తాను సార్, ఏం కాదు,” అంది కౌంటరు అమ్మాయి.

“వద్దు!” భార్యాభర్తలిద్దరూ ఒక్క గొంతుతో అరిచారు.

పోనీ బరువును పక్క సంచుల్లోకి మారుద్దామంటే, మిగిలిన మూడు సంచులూ అప్పటికే తూకం తూగి, ట్యాగులు కట్టించుకుని, భోజనం ముగించిన పెద్దమనుషుల్లా ఒక పక్కన కూర్చున్నాయి. వాటిలో ఇక ఒక జేబురుమాలు కూడా పట్టదు.

వీరుడి చూపు బాణంలా వెళ్ళి బావమరిది మీద పడింది.

ఆ బావమరిది ఫోన్ల రిపేరు దుకాణం నడుపుతాడు. అక్క పందెం గెలిస్తే వీడియో తీయడానికి, ఓడితే తీసిన వీడియో చెరిపేయడానికి వస్తున్నాడు.

“ఒరేయ్ బామ్మర్దీ, నిజం చెప్పు.”

“ఏంటి బావా, ఎప్పుడు ఏం పోయినా నా మొహమే చూస్తావ్? మొన్న గ్యాస్ అయిపోతే కూడా నన్నే చూశావ్.”

“ఎడం బూట్లో ఏం పెట్టావ్?”

బావమరిది నేల చూశాడు. కప్పు చూశాడు. “కుడి బూట్లో,” అన్నాడు చివరికి. “రెండు చార్జర్లు. ఒక చిన్న ట్రైపాడ్. అంతే బావా. నువ్వు సర్దితే ఎప్పుడూ చోటు ఉంటుందిగా అని…”

జిప్పు విచ్చుకుంది. పోటెత్తిన వాగులా సామాను పొంగింది. మడమ పక్కన మునివేళ్ళు వచ్చేట్టు ఎదురుబొదురుగా పడుకోబెట్టిన ఆ బూటుద్వయం, వాటి కంఠాల్లో కూరిన మేజోళ్ళు, హెల్మెట్ గర్భంలో చేతితొడుగులు, తొడుగుల నడుమ మంచుగాగుల్స్! ఆ వ్యూహశోభను చూసి వెనక వరసలోంచి ఎవరో “అబ్బో” అన్నారు. వీరుడు కుడి బూటులో చేయి దూర్చి, పుట్టలోంచి పాముని లాగినట్టు చార్జరు తీగను లాగాడు. దానితోపాటు ఒక ఊలు శాలువా కూడా వచ్చింది.

ఆ శాలువా ఎవరిదో చెప్పనక్కర్లేదు. వాళ్ళతో బయల్దేరిన వీరుడి అత్తగారు కొంగు సవరించుకుని, కూతురి వైపు తిరిగింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ అల్లుడితో ముఖాముఖి మాట్లాడి ఎరగదు. అల్లుడి మర్యాద ఆవిడకు ఆకాశమంత ఎత్తు. అంత ఎత్తుకు మాట నేరుగా విసరకూడదని ఆవిడ పద్ధతి.

“అమ్మాయ్, ఆ శాలువా నాదేనని అల్లుడుగారితో చెప్పు. కొండ మీద చలి కదా అని పెట్టాను. మందుల డబ్బా కూడా ఉందని చెప్పు.”

“అమ్మా, ఆయన నీ పక్కనే ఉన్నారు. వినపడుతోంది.”

“వినపడనీ. నువ్వు చెప్పు.”

“ఏవండీ, శాలువా అమ్మదట. మందుల డబ్బా కూడానట.”

“అత్తయ్యగారు పెట్టారా? అయితే ఫరవాలేదు,” అన్నాడు వీరుడు నొచ్చుకుంటూ. అదే బావమరిది శాలువా అయితే ఆ మండపం రణరంగమై ఉండేది.

డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. “ఎడం బూట్లో… నా మైనం డబ్బా కూడా ఉందండీ. స్కీలకి అడుగున రాసుకునేది.”

“నువ్వూనా!” వీరుడు గుండె పట్టుకున్నాడు. “ద్రోహం! ఇంటినిండా ద్రోహం! నేను గాలి కూడా చొరబడకుండా సర్దితే, గాలికి కూడా దొరకని సందుల్లో మీరు సంసారం పెట్టారా?”

చార్జర్లూ ట్రైపాడూ బావమరిది జేబుల్లోకి, శాలువా అత్తగారి భుజాల మీదికి, మందులూ మైనమూ డాక్టరమ్మ కోటు జేబుల్లోకి వెళ్ళాయి. జిప్పు మూశారు. బ్యాగును మళ్ళీ బల్ల ఎక్కించారు.

ఎరుపు!

“ఇంకా రెండు కిలోలుంది సార్.”

అప్పుడు ఆ సర్దుడుసార్వభౌముడు తన ఆఖరి అస్త్రాన్ని తీశాడు. మనిషిని తూకం వెయ్యరు! మనిషి మీద ఉన్నది సామాను కాదు, దుస్తులు! ఈ మహాసత్యం స్ఫురించగానే ఆయన కళ్ళు మెరిశాయి. “తొడగండి!” అని ఆజ్ఞాపించాడు. హెల్మెట్ బావమరిది నెత్తి మీద పట్టాభిషిక్తమైంది. చేతితొడుగులు డాక్టరమ్మ ధరించింది. మిగిలినవి మంచుగాగుల్స్.

“అమ్మాయ్, అవి నాకిమ్మని అల్లుడుగారితో చెప్పు,” అంది అత్తగారు.

నుదుటి నుంచి ముక్కు దాకా కప్పేసిన ఆ నీలిరంగు అద్దాల్లోంచి ఆవిడ లోకాన్ని గంభీరంగా పరికించింది. బారులోని ఒక పాప వాళ్ళమ్మ వెనక్కి దాక్కుంది.

బ్యాగు బల్ల ఎక్కింది. ఇంకా ఎరుపే. ఒక కిలో!

“ఈ తూకం తప్పు,” అన్నాడు వీరుడు.

“కాదు సార్. పోనీ సైజయినా చూద్దాం.” కౌంటరు అమ్మాయి వేలు పక్కనున్న ఇనపచట్రాన్ని చూపింది. ప్రతి చేతిసామానూ తలవంచి దూరవలసిన ఆ లోహద్వారంలోకి వీరుడు బ్యాగును దింపాడు. నెట్టాడు. మోకాలితో అదిమాడు. “హుం” అన్నాడు. సగం దాకా వెళ్ళి ఆగింది.

“అడుగున ఏదో ఉబ్బెత్తుగా ఉంది సార్. మొత్తం తీసి చూడండి.”

వీరుడు బ్యాగుకు అడ్డంగా నిలబడ్డాడు. చేతులు చాచాడు. ఆ కంఠం మేఘంలా ఉరిమింది.

“వినండి! పై వరస తీయమంటే తీస్తాను. మధ్య వరస తీయమంటే తీస్తాను. కానీ అడుగు? అడుగు కదిలిందంటే లోడు కదులుతుంది, లోడు కదిలిందంటే లారీ ఒరుగుతుంది! నేను కట్టిన లోడు అడుగు మీద ఈనాటిదాకా పరాయి చెయ్యి పడలేదు. పడనివ్వను!”

“సార్, ఇది లారీ కాదు,” అంది కౌంటరు అమ్మాయి.

“అయ్యా, మీ ఉపన్యాసం విమానంలో ఇచ్చుకోండి, మేం కూడా ఎక్కాలి!” అని బారులోంచి ఒక గొంతు.

“బావా, అక్క బూట్లు తొడుక్కుని ఎక్కేస్తే పోలా?” అన్నాడు హెల్మెట్ లోంచి బావమరిది.

“తొడుక్కుని నడిచి చూడరా, ఇస్త్రీపెట్టెల మీద నడిచినట్టుంటుంది,” అంది డాక్టరమ్మ. అని, ఇక ఓపిక పట్టలేక, భర్తను భుజం పట్టి పక్కకు జరిపింది. మొండి నడుములను లొంగదీసిన చేతులవి. జిప్పు సర్రున లాగింది. బూట్లు బయటికి తీసింది. అడుగున పరిచిన టవలు ఎత్తింది. రెండు చేతులూ దించి, ఊపిరి బిగబట్టి, ఒక వస్తువును పైకి లేపి కౌంటరు మీద పెట్టింది.

ధన్!

ఇనపదిమ్మ. అరచేతి వెడల్పున, తుప్పురంగులో, ఏ పశ్చాత్తాపమూ లేకుండా కూర్చుంది.

“ఇదేంటండీ?” అంది డాక్టరమ్మ.

వీరుడు దిమ్మను చూశాడు. బూట్ల వైపు వంగాడు. గబగబా సర్దసాగాడు. ఆహా, ఆ సర్దుడు! వేళ్ళు కనబడలేదు. బూటు పక్కన బూటు ఒదిగింది, మేజోళ్ళు కంఠాల్లోకి జారాయి, టవలు అంచులకు కూరుకుంది, జిప్పు చుట్టూ పరుగెత్తి గమ్యం చేరింది. బ్యాగు బల్ల ఎక్కింది.

ఆకుపచ్చ!

చట్రంలోకి దిగింది. ఎవరూ నెట్టలేదు. మోకాలు తగల్లేదు. అంచులు రాసుకున్నాయి, ఇనుము చిన్నగా మూలిగింది, మరుక్షణం బ్యాగు అడుగు చట్రం అడుగును తాకింది. బారులో ఎవరో చప్పట్లు కొట్టారు.

కౌంటరు అమ్మాయి ట్యాగు తీసింది. కట్టలేదు.

“ఈ దిమ్మ ఎవరిది సార్?”

వీరుడు బ్యాగు పిడిని చేతిరుమాలుతో తుడిచాడు.

“ఎవరు పెట్టారో తెలియని వస్తువు దొరికిన బ్యాగుకి నేను ట్యాగు కట్టకూడదు. సెక్యూరిటీని పిలవాలి. వాళ్ళొచ్చి అన్నీ విప్పి, మిమ్మల్ని అడిగి తేల్చేలోపు ఈ విమానం వెళ్ళిపోతుంది. తర్వాతది సాయంత్రమే.”

సాయంత్రం బయల్దేరితే రేపు పొద్దుటికి కొండ కిందికి మాత్రమే చేరతారు. పందెం కొండ మీద. డాక్టరమ్మ ముఖం మంచులా తెల్లబడింది. చేతితొడుగుల్లోని చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

“ఏవండీ…” అంది.

వీరుడు బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. బీరువాలను ఎత్తినవాడి దవడ ఒక్క మాటను ఎత్తలేకపోయింది. పొద్దుట్నుంచీ అందరినీ నిలదీసినవాడు, ద్రోహమని గర్జించినవాడు.

“నాదే,” అన్నాడు బావమరిది, హెల్మెట్ సర్దుకుంటూ. “నాదే అనుకోండి మేడమ్. ట్యాగు కట్టెయ్యండి.”

“అనుకోడం కాదండీ. మీదేనా? దేనికి వాడతారు?”

“అదీ… ఫోన్లు అతికించాక… పైన బరువు పెడతాం.”

“మూడు కిలోల బరువా? ఫోన్ మీద?”

“పెద్ద ఫోన్లు మేడమ్.”

కౌంటరు అమ్మాయి చేయి టెలిఫోను వైపు సాగింది. “సార్, మీరు కొంచెం ఇటు పక్కకి రండి,” అంది బావమరిదితో.

అప్పుడు కదిలింది అత్తగారు. శాలువా బిగించింది. కూతుర్ని దాటింది, కొడుకును దాటింది, అల్లుణ్ణి కూడా దాటింది. కౌంటరు ముందు నిలబడి, నీలిరంగు గాగుల్స్ నుదుటి మీదికి నెట్టింది.

“ఉండమ్మా, ఫోను చెయ్యకు. మావాడికేం తెలీదు. అది మా హాల్లో తలుపు కొట్టుకోకుండా అడ్డంపెట్టే దిమ్మ. తూచింది ముందు, ఇది పెట్టింది తర్వాత. సర్దడమయ్యాక పొద్దున హాల్లో ఆ బ్యాగు ఎలా నిలబెట్టినా బోర్లా పడిపోతోంది. అప్పుడు ఇది తెచ్చి అడుగున పెట్టి, అడుగున బరువుంటే లోడు నిలుస్తుంది అనుకుంటూ టవలు కప్పడం నేను చూశాను. లారీలకి అలవాటైన చెయ్యి తల్లీ, దాన్ని సామాను కింద లెక్కెయ్యలేదు.”

“ఎవరు ఆంటీ? పేరు… మనిషిని చూపించండి చాలు.”

ఆవిడ వెనుదిరిగింది. కూతురి కోసం కాదు. పెళ్ళినాటి నుంచీ ఎన్నడూ నేరుగా చూడని ఆ ముఖాన్ని నేరుగా చూసింది. ఏ వాక్యంతో టెలిఫోను యథాస్థానానికి చేరిందో, ఏ వాక్యం వినగానే ఆ సన్నటి కాగితపు ట్యాగు నల్లబ్యాగు పిడికి విజయకేతనంలా కట్టబడిందో, ఏ వాక్యబలంతో ఆ పాదరక్షారత్నాలు నలుగురు మనుషులను వెంటబెట్టుకుని, ఏ నష్టమూ లేకుండా, విమానం పైఅరలో తమ జానెడు చోటును జయించడానికి జైత్రయాత్రగా కదిలాయో, ఆ వాక్యాన్ని చేయెత్తి చూపిస్తూ, మర్యాదకు ఆవగింజంత లోటు రాకుండా, మహామండపమంతా వినబడేలా పలికింది:

“మా అల్లుడుగారేనండీ!”