శతాబ్ది గోతులు

చర్చికి నూరేళ్ళయిన సందర్భంగా పెద్దలందరిచేత వెనకస్థలంలో తలో కొబ్బరిమొక్క నాటించి, ముఖ్య అతిథి ముందు సంఘం పరువు నిలబెట్టాలని కార్యదర్శి కృపానందంగారు ఏడాదిగా కలలు కంటున్నారు. ముందురోజు తనతో సహా ఒక్కొక్కరి పేరుతో ఒక్కో చెక్క పాతి, "పేర్లున్న చోటల్లా తెల్లారేసరికి గోతులు తీసెయ్యి" అని సత్తియ్యకు ఫోన్ చేశారు. సత్తియ్య సమాధులు తవ్వేవాడని ఆయనకు తెలుసు. ఎవరు తవ్వినా గొయ్యి గొయ్యేగా అనుకున్నారు.

పొద్దున గడ్డం గీసుకుంటుంటే చర్చి గంట వినిపించింది. పండగ గంటనుకుని మురిసిపోయారు.

కాలవమీది మంచు చర్చిదాకా కమ్ముకుంది. వెనక్కి వెళ్ళిన కృపానందంగారు నిలబడిపోయారు. తూర్పు పడమరలుగా, మనిషి పొడుగున, వరసగా గోతులు. ప్రతిదాని తలవైపూ బతికున్న మనిషి పేరు. అడుగున ఊరిన నీళ్ళు నల్లగా కదులుతున్నాయి.

గట్టుమీద సత్తియ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఇదేంటి సత్తియ్యా?"

"పేర్లు పెట్టి చెప్పేరు కదండీ, ఎప్పుడూ తీసే కొలతే తీసేనండి. ఒక్కసారే ఇంతమంది పోయేరేంటా అని ఏడుస్తూనే తవ్వేనండి. చావుగంట కూడా కొట్టేసేనండి."

గంట విని జనం దండలతో వచ్చేశారు. పెద్దల్లో పెద్దావిడ ఎలీసమ్మగారు మొదటి చెక్కమీద తన పేరే చదువుకుని, తెచ్చిన దండ చెంగుచాటున దాచుకున్నారు.

"మొక్క పెట్టాలంటే ఇందులోకి దిగాలా బాబూ?"

"ఆయ్, లోతుగా ఉంది కదండీ" అన్నారు కృపానందంగారు.

"నా కాళ్ళతో నేను దిగను. మోసేవాళ్ళు మోసినప్పుడు చూద్దాంలే."

మిగతా పెద్దలూ వెనక్కి జరిగారు. పూడ్చేద్దామంటే సత్తియ్య తల అడ్డంగా ఊపాడు.

"తీసిన గొయ్యి ఉత్తినే పూడిస్తే ఊరుకోదండి. ఎవరినో ఒకరిని అడుగుద్దండి."

తను దిగితే మిగతావాళ్ళూ దిగుతారని, కృపానందంగారు మొక్కతో తన గోతి అంచుకు వచ్చారు. కిందినుంచి చల్లగాలి కొట్టింది. నీళ్ళలోంచి ఆయన మొహమే, ముందుగా వెళ్ళి కూర్చున్నట్టు, పైకి చూస్తోంది. కాలు కదల్లేదు.

అంతలో కారు ఆగి, ముఖ్య అతిథి ఆనందరావుగారు దిగారు. కృపానందంగారు తన పేరున్న చెక్క చటుక్కున పీకి వెనక దాచారు.

"ఇది తమకోసమే తీయించేనండి. దిగండి."

ఆనందరావుగారు లోపలికి తొంగి చూసి ఒకడుగు వెనక్కి వేశారు.

"అయ్యో, సంఘానికి ఇంత చేసినవారు. ముందు మీరండి."

"అతిథులు కదండీ, మీరే ముందు."

"కాదండి, తమరే."

మంచు విడిపోయింది. భోజనాల వేళ దాటింది. అప్పుడు తీసిన ఫొటోలో ఇప్పటికీ ఇద్దరూ గోతికి చెరోపక్కా వంగి, ఒకరికొకరు దారి చూపిస్తూ ఉంటారు. మర్యాదలో కోనసీమవాళ్ళ తరవాతే ఎవరైనా అని చూసినవాళ్ళంతా మెచ్చుకుంటారు.