సగం ముఖం చాలు

మనిషి ముఖానికి ముక్కు అక్కరలేదు.

నమ్మకం లేకపోతే చైతన్యపురిలో మెట్రో దిగి కోచింగ్ సెంటర్ల బోర్డులు చూడండి. గుండ్రటి తల, రెండు చుక్కలు కళ్లు, అరటిపండు వంపులో ఒక నవ్వు. ముక్కు లేదు. అయినా ఆ బొమ్మ పిల్లవాడికి ఇంజినీరింగులో సీటు వచ్చింది. ముక్కూ చెవులూ అన్నీ ఉన్న పిల్లలు ఆ బోర్డు కిందే బస్సు కోసం నిలబడి ఉంటారు. వాళ్ల ముఖాల్లో ఆ నవ్వు వెతకకండి. దొరకదు.

కంప్యూటర్‌లో గీసే ఈ బొమ్మల్ని వెక్టర్ కార్టూన్లు అంటారు. వీటి మీద కొందరు పెద్దమనుషులకు కోపం. కళ చచ్చిపోయిందట. చేత్తో గీసే రోజులు పోయాయట. నేను వాళ్లతో ఏకీభవించను. ఈ బొమ్మలు మన నగరానికి దొరికిన వరం!

మొదటి సంగతి, వీటిలో అందరూ నవ్వుతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పళ్ల డాక్టరు బోర్డు మీద పన్ను ఒకటి చేతిలో బ్రష్ పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. కాసేపట్లో పీకించుకోబోయే పన్నుకు అంత సంతోషం మరెక్కడైనా చూశారా? ఆ పక్కన చికెన్ సెంటర్ మీద కోడి బొటనవేలు పైకెత్తి లోపలికి రమ్మంటుంది. కోడికి బొటనవేలు ఎక్కడిదని అడగకండి. తన కూర తినమని తానే పిలిచే ఇంత మంచి కోడి పాత రోజుల్లో ఉండేదా?

మా గల్లీ గోడ మీద ఒక నీటిబొట్టు ఉంది. నల్లా రాని రోజు కూడా నవ్వుతూనే ఉంటుంది. పూర్వం నీళ్లు రాకపోతే జనం బిందెలు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేవారు. ఇప్పుడు ఆ బొట్టు ముఖం చూశాక ఎవరికీ అరవబుద్ధి కాదు.

గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ తరలిపోయింది. అక్కడి జ్యూస్ సెంటర్ గోడ మీద మామిడిపండు మాత్రం నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఇక్కడే ఉంది. దాని మీద ఈగలు వాలవు. అది కుళ్లదు. ఏది మంచి పండో మీరే చెప్పండి.

రెండో సంగతి, ఈ బొమ్మ చెదరదు. మామూలు ఫోటోను పెంచుతూ పోతే గళ్లు గళ్లుగా విడిపోతుంది. వెక్టర్ బొమ్మను మెట్రో పిల్లరంత చేసినా నున్నగానే ఉంటుంది. ముఖంలో ఏమీ లేనప్పుడు చెదరడానికి ఏముంటుంది?

ఈ జ్ఞానం నాకు మా జైపాల్ వల్ల కలిగింది. జైపాల్ నా కొడుకు. ఎల్బీనగర్ అవతల ఫ్లాట్ కొన్నాడు. గృహప్రవేశానికి గుమ్మం ముందు నిలబెట్టే వెల్‌కమ్ బోర్డు మీద ఇంటివాళ్లందరి కార్టూన్ ఉండాలని కోడలు జ్యోతిక నిర్ణయించింది. ఇప్పుడు అందరూ అలాగే చేస్తున్నారట. గడపకు పసుపు, పైన మామిడాకులు, పక్కన కార్టూన్.

పోయినవాళ్లను కూడా బొమ్మలో నిలబెట్టాలి. అది మర్యాద. నా భార్య భూలక్ష్మి పోయి ఏడాది దాటింది.

ముగ్గురం కలిసి చైతన్యపురిలో వంశీకృష్ణ దగ్గరికి పోయాం. టిఫిన్ సెంటర్ పైన చిన్న గది, అందులో పెద్ద కంప్యూటర్. ఒంగోలు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. నెమ్మదస్తుడు.

ఆయన పని చేసే తీరు చూసి నాకు ముచ్చట వేసింది. ఇంట్లో ఒక్కొక్కరినీ ఒక్కో లేయర్‌లో గీస్తాడు. లేయర్ అంటే గాజు పలక లాంటిది. ఆ పలకలన్నీ ఒకదాని మీద ఒకటి పెడితే కుటుంబం. ప్రతి పలక పక్కనా చిన్న కన్ను గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ మనిషి మాయం. ఎందుకీ ఏర్పాటు అని అడిగాను. బొమ్మ మొదలుపెట్టిన రోజు ఉన్న చుట్టరికాలు ప్రింటుకు పోయే రోజుకు ఉండవన్నది తన అనుభవమని చెప్పాడు. జైపాల్ బామ్మర్ది ఆ వారంలోనే రెండుసార్లు మాయమై ఒకసారి తిరిగి వచ్చాడు.

నవ్వు ఒక్కటే గీశాడు. దాన్ని కాపీ చేసి అందరికీ అతికించాడు. నాక్కూడా ఒకటి దక్కింది. జ్యోతిక అందరి ఒంటి రంగునూ తెలుపు వైపుకు కొంచెం జరిపించింది. ఏ సబ్బూ ఇంత నిజాయితీగా పనిచేయలేదు.

భూలక్ష్మిని మబ్బుల మీద పెడదామా అని అడిగాడు వంశీకృష్ణ. చాలామంది అలాగే కోరతారట. బస్సు ఎక్కితేనే కళ్లు తిరిగే మనిషి, మబ్బులు ఎక్కించవద్దు అన్నాను. కిందే, నా పక్కనే నిలబెట్టాడు.

ఆమె ఫోటోలు తక్కువ. పెళ్లిళ్లలో ఎప్పుడూ ఎవరి భుజం వెనకో ఉండేది. ఎదురుగా, స్పష్టంగా చూస్తున్న ఫోటో ఒక్కటే దొరికింది. పింఛను కోసమని మంచం మీద కూర్చోబెట్టి తీసినది. అప్పటికే ఆమెకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెంప జారి, మూతి ఆ వైపు కిందికి దిగి ఉంది.

వెక్టర్ గొప్పతనం ఇక్కడే బయటపడింది. ఈ పద్ధతిలో ముఖం మొత్తం గీయరు. సగమే గీస్తారు. మధ్యలో నిలువుగీత పెట్టి మిర్రర్ నొక్కితే రెండో సగం దానంతట అదే వస్తుంది. ఇంత పొదుపు దేవుడికి కూడా తోచలేదు.

“ఏ సైడ్ తీసుకోమంటారండీ?” అని అడిగాడు వంశీకృష్ణ.

“కుడి దిక్కే,” అన్నాడు జైపాల్. ఆలోచించలేదు.

నొక్కాడు. చక్కటి ఆడమనిషి ఒకామె వచ్చింది. రెండు వైపులా సమంగా నవ్వుతోంది. ఆమె ఎవరో నాకు తెలియదు. అత్తమ్మ అచ్చుగుద్దినట్టు దిగింది అంది జ్యోతిక.

ఎడమ సగంతో కూడా చేసి చూపించమన్నాను. దానికీ ఒక అవకాశం ఇవ్వాలి కదా. నొక్కాడు. రెండు చెంపలూ జారి, మూతి రెండు వైపులా కిందికి దిగిన ముఖం వచ్చింది. జైపాల్ ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

“తీసెయ్ భాయ్,” అన్నాడు తల ఎత్తకుండా. “గా బొమ్మను మందిల పెడ్తమా?”

“మీ అమ్మ మొఖానికి రెండు దిక్కులుండె,” అన్నాను. “ఒకటి ఏడ పారేస్తవురా?”

“శుభకార్యం నాయినా. జర ఊకో.”



పాఠకులు జైపాల్‌ను తప్పుపట్టవద్దు. ఈ మిర్రర్ పద్ధతిని అతను వంశీకృష్ణ కంటే ముందే కనిపెట్టాడు.

భూలక్ష్మి మంచాన పడ్డ రోజుల్లో మంచానికి రెండు పక్కలా రెండు కుర్చీలు వేశాను. చూడవచ్చినవాళ్లు కుడి కుర్చీలోనే కూర్చునేవారు. ఆ వైపు ముఖం మామూలుగా ఉండేది. పలకరిస్తే నవ్వేది. ఆ కుర్చీ ఖాళీ లేకపోతే పక్కన నిలబడేవారు తప్ప మంచం చుట్టి ఎడమకు వచ్చేవారు కాదు. ఆమె తమ్ముడు అంతయ్య వచ్చినప్పుడల్లా బత్తాయిలు తెచ్చేవాడు. బల్ల ఎడమ పక్కన ఉండేది. కుడి కుర్చీలోంచే వంగి, ఆమె మీదుగా చెయ్యి చాపి, సంచి బల్ల మీద పెట్టేవాడు. జైపాల్ ఆఫీసు నుంచి వచ్చి తల్లి కుడి చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు. మంచి పిల్లవాడని అందరూ అన్నారు.

ఎడమ పక్కన మంచం అంచు మీద నేనుండేవాణ్ణి. గొప్పకు చెప్పడం లేదు. తినిపించింది ఆ మూల నుంచే కారేది. తుడవడానికి ఎవరో ఒకరు ఆ వైపు ఉండాలి.

అయితే ఆ వైపు కూర్చున్నందుకు ఒకటి తెలిసింది. కుడి సగం వచ్చినవాళ్లకు మర్యాద చేసేది. ఎడమ సగం ఎవరికీ మర్యాద చేసేది కాదు. కాపురానికి వచ్చిన నాటినుంచి నేనెరిగిన భూలక్ష్మి ఎడమ సగమే. నచ్చనిది నచ్చలేదన్నట్టే ఉండేది.

ఆమె మెడ ఎడమకు తిరిగేది కాదు. ఆ పక్క ఏం జరుగుతోందో కనపడదు. కాని తెలుసు. ఒకరోజు చుట్టాలు వచ్చి పోయాక, మాటలు ఒక్కొక్కటే కూడగట్టుకుని అంది.

“గా దిక్కు కుర్చి ఉత్తగనే ఉంటది. తువ్వాలలన్న ఆరెయ్.”

ఆరేశాను. బాగా ఆరేవి. ఎవరూ కదిలించేవారు కాదు.

కుడి దిక్కు బొమ్మ ఖాయమయ్యాక నేనొక్కణ్ణే మళ్లీ వంశీకృష్ణ దగ్గరికి పోయాను. మిర్రర్ తీసేసి, ఫోటోలో ఎలా ఉందో అలా గీయమన్నాను.

“జైపాల్ గారికి చెప్పారా అంకుల్?”

“ఇల్లు వానిది,” అన్నాను. “పెండ్లాం నాది.”

ఆయన బొమ్మను దగ్గరికి లాగాడు. మూతి చివర ఒక చిన్న చుక్క ఉంది. ఈ బొమ్మల్లో ప్రతి గీతకూ అటువంటి చుక్కలుంటాయి, వాటిని పట్టుకుని గీతను వంచుతారు. ఆ ఎడమ చుక్కను పట్టుకుని కొంచెం కిందికి లాగాడు. చెంప గీతను కొంచెం వదులు చేశాడు. అంతే.

భూలక్ష్మి వచ్చింది.

నేను చేసిన చాయ్‌లో చక్కెర ఎక్కువైనప్పుడు ఎలా చూసేదో అలా చూసింది. ముక్కు లేకుండానే వచ్చింది. ముక్కు అక్కరలేదని నేను ఊరికే అనలేదు.

ఇంకేమైనా మార్చాలా అని అడిగాడు. వద్దన్నాను. నా ముఖం మీద అతికించిన నవ్వు కూడా ఉండనిమ్మన్నాను. ఆమె పక్కన నిలబడడానికి అది సరిపోతుంది. ఫైలు నా ముందే ప్రింటుకు పంపాడు.

గృహప్రవేశం నాడు పొద్దున్నే గుమ్మం ముందు బోర్డు నిలబెట్టారు. మీద కప్పిన కాగితం తీశారు. భూలక్ష్మి రెండు వైపులా సమంగా నవ్వుతోంది.

జైపాల్‌ను అడిగాను. తనకేమీ తెలియదన్నాడు. అతని ముఖం చూస్తే నిజమే చెబుతున్నాడనిపించింది. వంశీకృష్ణకు ఫోన్ చేశాను. ఆయన కనుక్కుని తిరిగి చేశాడు.

“సారీ అంకుల్. ప్రింటింగ్‌లో జోగారావు గారని ఉన్నారండీ. మూతి ఒక పక్క కిందికి దిగిందని చూసి, నేను మిర్రర్ మర్చిపోయాననుకున్నారట. ఆయనే సరిచేసి కొట్టేశారు. పనిలో చాలా శ్రద్ధండీ ఆయనకి. ఇలాంటి తప్పులు వదలరు.”

నేను జోగారావును మెచ్చుకున్నాను. ఈ రోజుల్లో ఎవరి పని వారే సరిగా చేయడం లేదు, ఆయన ఇంకొకరి పని కూడా చేశాడు. ఆయన భూలక్ష్మిని ఎన్నడూ చూడలేదు. మా ఇంటికి రాలేదు. ఏ కుర్చీలోనూ కూర్చోలేదు. అయినా మా చుట్టాలందరూ ఏం కోరుకున్నారో ఆయనకు ఎలా తెలిసింది?

పాలు పొంగించారు. సత్యనారాయణ వ్రతం అయింది. భోజనాలయ్యాయి. తర్వాత అందరూ బోర్డు దగ్గర ఫోటోలకు వరుస కట్టారు. భూలక్ష్మి పక్కన దిగాలని అందరికీ ఆశే. కుడి పక్క నిండిపోయింది. మిగిలినవాళ్లు ఎడమ పక్కకు పోయారు. ఒక్కరూ సంకోచించలేదు. జైపాల్ ఆ వైపు నిలబడి బోర్డు అంచు మీద, తల్లి భుజం దగ్గర, చెయ్యి వేశాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. అంతయ్య వంగి, బొమ్మ ఎడమ చెంపకు తన చెంప ఆనించాడు.

“అక్క ఎట్ల నవ్వుతుందో సూడు బావా,” అన్నాడు నాతో. “నువ్వు గూడ రా. గీ పక్క జాగ ఉంది.”

ఆ సంగతి నాకు తెలుసు.

కాబట్టి ఈ బొమ్మల్ని ఎవరూ చిన్నచూపు చూడకండి. మందులు, మాలిష్, ఫిజియోథెరపీ ఇన్ని చేసినా కాని పని ఒక ఫ్లెక్సీ బొమ్మ ఒక్క పూటలో చేసింది. మా వాళ్లను ఎడమ పక్కకు రప్పించింది.

మీకొక సలహా ఇస్తాను. మీ ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోతే, వాళ్లు పోయేదాకా ఆగకండి. బతికుండగానే కుడి సగం గీయించి, మిర్రర్ కొట్టించి, మంచానికి ఎడమవైపు గోడకు తగిలించండి. చూడవచ్చినవాళ్లు అటు కుర్చీ లాక్కుని, గోడ వైపు తిరిగి, బొమ్మను చూస్తూ కాసేపు కూర్చుని పోతారు. మంచం మీది మనిషి మెడ ఆ పక్కకు తిరగదు. తనను చూడడానికే కూర్చున్నారనుకుంటుంది.