పాల ప్రభువు సంతానం

మా వోల్కెన్‌టాల్‌లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం ఈ లోయను ఏలిన గెబ్‌హార్డ్ ప్రభువుకు ముప్ఫైమంది పిల్లలు. అంతమందికీ పాలు చాలక ఆయన కోట చుట్టూ ఆవుల మందలు పెంచాడు. అందుకే ఆయన ‘పాల ప్రభువు’ అయ్యాడు. ఈ ఊళ్ళో పెద్దమనుషులు అనిపించుకున్న వాళ్ళంతా ఆ ముప్ఫైమందిలో ఎవరో ఒకరి సంతతివారే.

వంశగౌరవం నేటి మానవుడికి దక్కిన మహావరమని సవినయంగా మనవి చేస్తున్నాను. నవ్వకండి! జీవితమంతా ఈ ఊరి పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి నేను. ప్రతిదానికీ రుజువు అడగడం నాకు అలవాటు. ఆ అలవాటు వల్ల నాకు ఒరిగిందేమిటి? విందులకు పిలిచేవాళ్ళు తగ్గిపోయారు.

అదే మా మందుల షాపు యజమాని సేబాల్ట్ ట్రౌట్‌వైన్ గారిని చూడండి. ఆయన ప్రభు వంశ సంఘానికి అధ్యక్షులు. నాబోటివాడికి కీళ్ళవాతం వస్తే బీరూ పందిమాంసమూ తగ్గించమంటాడు డాక్టరు. అదే వాతం ట్రౌట్‌వైన్ గారికి వస్తే ప్రభువుగారి వారసత్వం అవుతుంది. ఆయన ముక్కు టౌన్‌హాల్లోని ప్రభువుగారి చిత్రపటంలో ఉన్న ముక్కుకు అచ్చుగుద్దినట్టు ఉంటుంది. ఆ పటాన్ని ప్రభువు పోయిన ఆరు వందల ఏళ్ళకు వేశారని నేను ఒకసారి గుర్తు చేశాను. నిజమైన ముక్కుకు కాలంతో పనిలేదని జవాబు వచ్చింది. బీరుశాల నడిపే క్రెసెన్స్ గారు మాత్రం ఆయన ఎదుటే ఇలా అన్నారు:

“ముక్కు ప్రభువుగారిదైతే అయిందిలెండి. ఆ పొట్ట మాత్రం మాది. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే పెంచాం.”

ప్రభువుగారి జీవిత చరిత్ర మా పిల్లలకు కంఠతా వచ్చు. ఆయన పవిత్రభూమికి వెళ్ళి యుద్ధం చేశాడు. ఎలుగుబంటిని వట్టి చేతులతో చంపాడు. ముగ్గురిని పెళ్ళాడాడు. శత్రువులు చుట్టుముడితే గుర్రంతో సహా కోటగోడ మీంచి నదిలోకి దూకాడు. నది కోటకు అర మైలు దూరంలో ఉంది. అయితే ఏం? ఆనాటి గుర్రాలు వేరు!

ఆయన పోయాక కోటా లోయా బిషప్ గారి చేతికి వెళ్ళాయి. వారసులు లేని ఆస్తులన్నీ అప్పట్లో ఆయనకే వెళ్ళేవి. ముప్ఫైమంది బిడ్డలున్న ఇంటి ఆస్తి బిషప్‌కు ఎందుకు వెళ్ళిందని ఎవరూ అడగలేదు. అడిగితే ఎంత మర్యాదతక్కువగా ఉంటుంది!

లెక్కల విషయానికి వద్దాం. ప్రతి మనిషికీ తల్లిదండ్రులు ఇద్దరు, తాతలూ, అమ్మమ్మా, నాయనమ్మా కలిసి నలుగురు, ఆ పైన ఎనిమిదిమంది. ఇలా రెట్టింపు చేసుకుంటూ ఎనిమిది వందల ఏళ్ళు వెనక్కి వెళ్తే ఆనాటి ప్రపంచ జనాభా కంటే మన పూర్వీకుల సంఖ్యే ఎక్కువ తేలుతుంది. అంటే ఒకే మనిషి ఆ లెక్కలో ఎన్నోసార్లు వస్తున్నాడని అర్థం. గెబ్‌హార్డ్ సంతానం నిజంగా నిలిచి ఉంటే ఈపాటికి యూరప్‌లో ఆయన వారసుడు కానివాణ్ణి వెతకడమే కష్టం. పోలండ్‌లో బంగాళాదుంపలు తవ్వుకునే రైతుకూ ఆ రక్తం ఉంటుంది. ఇంత చౌకగా దొరికే రక్తానికి సంఘమెందుకు, సభ్యత్వమెందుకు? ఈ ప్రశ్న వేసిన రోజే నన్ను సంఘం గ్రంథాలయ ఉపసమితి నుంచి తప్పించారు. సభ్యత్వం మాత్రం తీసెయ్యలేకపోయారు. మా నాయనమ్మ వైపు నుంచి నాకూ ఒక చుక్క ఉందట!

పోలండ్ పేరు ఊరికే ఎత్తలేదు. ఊళ్ళో మిగిలిన పాడి ఒక్కటే, అది యాద్విగా గారిది. పాతికేళ్ళ క్రితం ఆమె ఈ ఊరివాడైన ఒట్మార్‌ను పెళ్ళాడి పోలండ్ నుంచి వచ్చింది. కోట కింద ఉన్న ప్రభువుగారి పచ్చికబీడు సంఘం అధీనంలో ఉంది. ప్రభువు రక్తం ఉన్నవారికే దాన్ని కౌలుకివ్వాలనేది ఆచారం. ఒట్మార్ రక్తాన్ని సంఘం ఏనాడో ఆమోదించింది కనుక అతని ఆవులు కులీనమైన గడ్డి మేస్తూ వచ్చాయి. నిరుడు శీతాకాలంలో అతను పోయాడు. గడ్డి అదే, ఆవులు అవే, పాలు పితికే చేతులు మొదటినుంచీ యాద్విగావే. మారిందల్లా కౌలుదారు రక్తం.

బీడు ఖాళీ చెయ్యమని సంఘం ఆమెకు చెప్పింది. అది పోతే ఆవుల్ని అమ్ముకుని, ఈ వయసులో పోలండ్‌లోని అన్నగారి ఇంటికి తిరిగి వెళ్ళడం తప్ప ఆమెకు దారి లేదు. సంఘానికి మాత్రం గడ్డితో పనేమిటి? సభ్యుల్లో ఆవు ఉన్నవాడు ఒక్కడూ లేడు. నోటరీ గారికి ఒక పొట్టికాళ్ళ వేటకుక్క ఉంది. అయిదు తరాల వంశవృక్షాన్ని ముద్రలతో సహా చూపించగల ప్రాణి ఊరు మొత్తం మీద అదొక్కటే. పాపం, దానికి సభ్యత్వం ఇవ్వలేదు. బీడు ఖాళీ అయితే అక్కడ ఇనుప కవచాలు తొడుక్కుని ఉత్తుత్తి యుద్ధాలు చేసుకోవాలనీ, పక్కన కార్లు నిలుపుకోవాలనీ సంఘం ఆలోచన. పూర్వీకుల మీద భక్తికి పార్కింగ్ ఉండాలి కదా!

ఇంతలో దైవానుగ్రహం కలిగింది. చర్చిలో హీటింగు పైపులు వెయ్యడానికి నేల తవ్వితే సీసపు శవపేటిక బయటపడింది. మూత మీద గెబ్‌హార్డ్ ప్రభువు పేరూ బిరుదూ చెక్కి ఉన్నాయి. ట్రౌట్‌వైన్ గారి కళ్ళు చెమర్చాయి. పేటిక కాస్త చిన్నదిగా ఉందే అని నేను గొణిగాను. ఆ కాలంవాళ్ళు పొట్టిగా ఉండేవారని ఆయన నాకు శాస్త్రం చెప్పారు. ఎలుగుబంటి కూడా పొట్టిదే అయి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

నాబోటి సంశయాత్ముల నోరు మూయించడానికి సంఘం త్యార్దా ఓంకెన్ గారిని పిలిపించింది. ఆమె పాత ఎముకలు పరీక్షించే శాస్త్రవేత్త. ప్రభువు ఎముకలతో పోల్చడానికని సభ్యులంతా లాలాజలం ఇచ్చేందుకు నోళ్ళు తెరుచుకుని వరుస కట్టారు. అంతమంది పెద్దలు నోరు తెరిచి కూడా ఏమీ మాట్లాడకపోవడం మా ఊరి చరిత్రలో అదే మొదలు.

ఫలితం ప్రకటించడానికి ‘పాల ఆదివారం’ ముహూర్తమైంది. ఏటా ఆ పండగనాడు సంఘమంతా బీరుశాల హాల్లో చేరి ప్రభువు పేరిట తలా ఒక మగ్గు పాలు తాగుతుంది. ఆ పాలు యాద్విగా పోసినవే. ఆమె వెనక బల్ల దగ్గర కూర్చుంది. ట్రౌట్‌వైన్ గారు ఎంతో మృదువుగా మాట్లాడారు.

“మీ మీద మాకేం కోపం లేదమ్మా. ఒట్మార్ మావాడు. మీరు బయటినుంచి వచ్చినవారు కదా. రక్తం లేకుండా బీడు ఎలా ఇస్తాం, మీరే చెప్పండి.”

“నా ఆవులు గడ్డి మేస్తాయండీ,” అంది యాద్విగా. “రక్తం ఎప్పుడూ అడగలేదు.”

“ఆచారం అనేది ఒకటుంటుంది కదమ్మా.”

“ఉంటుంది లెండి. ఇన్నేళ్ళుగా మీ మగ్గుల్లో పాలు పోస్తున్నాను. నేనెవరి కూతుర్నని ఒక్కరూ అడగలేదు. గడ్డి దగ్గరికొచ్చేసరికి అడుగుతున్నారు.”

కొందరు మీసాలకంటిన మీగడ తుడుచుకున్నారు.

అప్పుడు నేను లేచాను. ఇంత గొప్ప ఆచారాన్ని నోటిమాటగా వదిలెయ్యడం భావ్యం కాదన్నాను. ప్రభువు సంతతి అని ఎముకలు తేల్చినవారికే ఆ బీడు మీద అధికారం. తేలనివారు ఎంతటివారైనా, వారి ఇల్లు ఎంత పాతదైనా, ఎవరినీ అక్కడి నుంచి తోలే హక్కు వారికి లేదు. ఫలితం వినడానికి ముందే ఇలా తీర్మానిస్తే నిష్పక్షపాతంగా ఉంటుందని సూచించాను.

“చూశారా, మాస్టారికి కూడా చివరికి జ్ఞానోదయమైంది,” అన్నారు ట్రౌట్‌వైన్ గారు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. చేతులెత్తినవారిలో నన్ను కూడా చూసి యాద్విగా తల తిప్పుకుంది. అందుకు ఆమెను తప్పుపట్టను. పేటికను పరీక్షగా చూసినవాణ్ణి నేను, ఆమె చూడలేదు.

ఓంకెన్ గారు తెర మీద ఒక దవడ ఎముక ఫోటో వేశారు.

“మీ లాలాజలాలు జాగ్రత్తగా ఉన్నాయండీ,” అన్నారు. “వాటితో అవసరం పడలేదు. అసలు ఈయన్ని పాల ప్రభువని ఎందుకంటారో మీలో ఎవరికైనా తెలుసా?”

హాలంతా ముక్తకంఠంతో ముప్ఫైమంది పిల్లల కథ చెప్పింది. ఆమె చివరిదాకా ఓపికగా విని, తెర మీది పళ్ళను ఒక్కొక్కటే పుల్లతో చూపించడం మొదలుపెట్టారు. సగం అయ్యేసరికి ట్రౌట్‌వైన్ గారి చెయ్యి దానంతటదే వెళ్ళి ముక్కును కప్పింది.

అందుకే అంటున్నాను, వంశగౌరవం వరమే. వరం కాకపోతే, పాతికేళ్ళు మన మధ్య బతికి మనకు పాలు పోసిన మనిషిని ఏ సిగ్గూ లేకుండా బయటికి పొమ్మనగల ధైర్యం మనకెలా వస్తుంది?

యాద్విగా ఆవులు ఇప్పటికీ ఆ బీట్లోనే మేస్తున్నాయి. వాటిని తోలెయ్యడానికి హక్కున్న వారసుడు ఒక్కడూ తేలలేదు. ఆ దవడలో ఉన్నవన్నీ పాలపళ్ళే. ఒక్కటీ ఊడలేదు, ఒక్కటీ కదల్లేదు. చనిపోయేనాటికి గెబ్‌హార్డ్ ప్రభువు వయసు అయిదేళ్ళు.