గొడుగు వెంట యాత్ర

ఆ రోజు చంటి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే పెద్ద చర్చి, పునీతుడి సమాధి, కొండ మీది ప్రార్థనాలయం చుట్టేసి, వీడియో కాల్‌లో వాటిని అమ్మకు చూపించి, పదకొండింటికల్లా యూనివర్సిటీలో థీసిస్ వైవాకు హాజరు కావాలి. ఇంట్లో ఆఖరివాడు కాబట్టి చంటి అయ్యాడు. తర్వాత ఆరడుగులు పెరిగినా పేరు మాత్రం పెరగలేదు.

లోకం నలుమూలల నుంచి క్రైస్తవులు వెతుక్కుంటూ వచ్చే ఆ విదేశీ ఊళ్లో రెండేళ్లుగా చదువుతూ కూడా అతను ఒక్క పుణ్యస్థలం చూడలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. ఈ సంగతి నిన్ననే అమ్మకు తెలిసిపోయింది.

"ప్రభువు గుమ్మం ముందు కాపురముండి లోపలికి తొంగి చూడలేదంటే నిన్నేమనాలిరా? ఆ మూడూ నాకు చూపించి, ప్రార్థన చేసుకుని, అప్పుడు వెళ్లు పరీక్షకి," అంది.

చంటి సరేనన్నాడు. దేవుడి సాయం అవసరమైన పరిస్థితే మరి. అతని థీసిస్ మురుగునీటి శుద్ధి మీద. నాలుగో అధ్యాయం నాటికి కొలిచే మీటరు చెడిపోయి సగం రీడింగులు లేకుండా పోయాయి. వైవాకు బయటి నుంచి వస్తున్న ప్రొఫెసర్‌ను విద్యార్థులు రంపం అంటారు. ఆయన నాలుగో అధ్యాయం పట్టుకున్నాడంటే చంటి తప్పినట్టే. తప్పితే స్కాలర్‌షిప్పూ వీసా రెండూ పోతాయి, ఉత్త చేతులతో ఇంటికి పోవాలి. అతనికి నిజంగానే భయంగా ఉంది.

పెద్ద చర్చి జనంతో కిటకిటలాడుతోంది.

"అన్నీ తలకాయలే కనబడుతున్నాయి. ఇంకాస్త పైకెత్తు," అంది అమ్మ ఫోన్లోంచి.

చెయ్యి లాగేసి, చంటి ఫోన్‌ను చేతిలోని మూసిన గొడుగు కొసకు బూటు తాడుతో కట్టి పైకెత్తాడు. వినబడటానికి స్పీకరు పెంచాడు. అమ్మ మొదలుపెట్టింది. "ఆ కుడివైపు పటం చూడు. గొర్రెపిల్ల ఎందుకుందో తెలుసా నీకు? సండే స్కూల్లో చెప్తుంటే వెనక బెంచీలో నిద్రపోయావు. ఇప్పుడైనా విను."

ఆ ఊళ్లో గైడ్లంతా మూసిన గొడుగునే జెండాలా ఎత్తి నడుస్తారన్న సంగతి చంటికి తెలియదు. అదే చర్చిలో ఒక తెలుగు యాత్రికుల బృందం తమ గైడు చెప్పేది ఒక్క ముక్కా అర్థంకాక అల్లాడుతోంది. వాళ్లకు ఎత్తిన గొడుగు కనిపించింది, దాని కొస నుంచి తెలుగు వినిపించింది. తమ అవస్థ చూసి కంపెనీవాళ్లు గైడును మార్చారనుకుని అందరూ ఇటు వచ్చేశారు.

"ఇప్పుడెటు బాబూ?" అని అడిగింది బృందానికి పెద్దదిక్కయిన రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్.

పాపం, దారి తప్పిందనుకున్నాడు చంటి. "సమాధికైతే ఇటండీ," అన్నాడు.

సమాధి దగ్గర వెనక్కి తిరిగి చూస్తే బృందమంతా ఉంది. "మీరంతా ఎక్కడికండీ?" అన్నాడు.

"నువ్వెక్కడికంటే అక్కడికే."

"నేను గైడ్ని కాదండీ. ఇక్కడ చదువుకుంటున్నాను."

"చదువుకుంటూ ఈ పని కూడా చేసుకుంటున్నావా? ఈ కాలంలో ఇలాంటి పిల్లలు ఎక్కడున్నారు," అని ఆవిడ అందరికీ చెప్పింది. బృందంలోని చేతికర్ర తాతగారు చంటి వీపు తట్టాడు. అంతటితో ఊరుకోకుండా గొడుగు వైపు తలెత్తి, "అమ్మా, ఈ పునీతుడి చెయ్యి అలా అయిందేం?" అని అడిగాడు.

సమాధి మీది విగ్రహం చెయ్యి ఎందుకు విరిగిందో అమ్మకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు.

"పేదలకి పంచీ పంచీ అరిగిపోయిందండీ," అంది. నలుగురైదుగురు కళ్లు తుడుచుకున్నారు.

"అమ్మా, టైమవుతోంది. పెట్టేస్తున్నా."

"పెద్దవాళ్లు అడుగుతుంటే పెట్టేస్తానంటావా? నిన్ను పెంచింది ఇందుకేనా?"

చంటి కొండ సంగతి వదిలేసి ట్రాము కోసం పరుగెత్తాడు. గైడు పరుగెత్తితే ఏదో విశేషం ఉండే ఉంటుందని బృందమూ పరుగెత్తింది. తాతగారు కర్ర చంకలో పెట్టుకుని అందరికన్నా ముందు ట్రామెక్కాడు. ఊరుగాని ఊళ్లో ఇంతమంది ముసలివాళ్లను నడిరోడ్డు మీద వదిలెయ్యడానికి చంటికి మనసొప్పలేదు.

యూనివర్సిటీ పాత రాతి కట్టడం. వాకిట్లో దాన్ని కట్టించిన తాళాల ఫ్యాక్టరీ యజమాని విగ్రహం గడ్డంతో నిలబడి ఉంది.

"ఈయన ఏ పునీతుడు బాబూ?"

చంటి నోరు తెరిచేలోపే, "ముఖంలో ఆ శాంతం చూడండి," అంది అమ్మ. అందరూ మోకరించారు.

హాల్లో నల్ల గౌన్లతో ముగ్గురు పరీక్షకులు కూర్చుని ఉన్నారు. వాళ్లను చర్చి ఫాదర్లనుకుని బృందం చప్పుడు చెయ్యకుండా వెనక బెంచీల్లో సర్దుకుంది. చంటి గొడుగును గోడకు ఆనించి మురుగునీటి గురించి చెప్పుకుపోయాడు. ముగించగానే వెనక నుంచి "ఆమెన్" అని వినబడింది.

రంపం నాలుగో అధ్యాయం తెరిచి పెన్సిలు తీశాడు. అప్పుడు ముగ్గురిలో అధ్యక్షుడు అడ్డుపడి, వైవాకు ప్రజలు రావడం తన సర్వీసులో ఇదే మొదలనీ, ముందు వాళ్ల ప్రశ్నలు వినాలనీ అన్నాడు. అదే సమయానికి హెడ్మిస్ట్రెస్ లేచింది.

"బాబూ, ఇక్కడ బాత్రూం ఎక్కడ?"

ఆవిడ ఏమంటోందో చెప్పమన్నాడు అధ్యక్షుడు. వాడిన నీరు చివరికి ఎక్కడికి పోతుందని అడుగుతున్నారన్నాడు చంటి. దానికి తడుముకోకుండా జవాబు చెప్పి, మధ్యలో "ఎడమవైపు చివరి తలుపండీ" అని తెలుగులో కలిపాడు.

"ఇంకా ఎంతసేపు? మోకాళ్లు లాగేస్తున్నాయి," అన్నాడు తాతగారు. శుద్ధికి ఎంత సమయం పడుతుందనీ, పాత పైపులు తట్టుకుంటాయా అనీ అడుగుతున్నారన్నాడు చంటి. ఇంకొకావిడ భోజనం ఉందా అని అడిగింది. శుద్ధి చేసిన నీటితో పంట పండుతుందా అన్న ప్రశ్నకు చంటి చాలాసేపు మాట్లాడాడు.

జవాబులయ్యేసరికి సమయమూ అయిపోయింది. ఇంత సూటి ప్రశ్నలు తనకు కూడా తట్టలేదని రంపం పుస్తకం మూసేశాడు. చంటి ప్రశంసతో పాసయ్యాడు.

బృందాన్ని హోటల్లో దించి వచ్చాడు. హెడ్మిస్ట్రెస్ తీసుకున్న నంబరు పట్టుకుని మర్నాడు యాత్రల కంపెనీ మేనేజరు ఫోను చేశాడు. చంటి ముందే క్షమించమన్నాడు.

"క్షమించడం ఏంటండీ. మా వాళ్లంతా ఒకటే పొగడటం. ఇకపై వచ్చే బృందాలకు కూడా ఆ గైడే కావాలి," అన్నాడు మేనేజరు.

చంటి కాస్త బిగుసుకున్నాడు. "ఇప్పుడు నా డిగ్రీ పూర్తయింది కదండీ. ఆలోచించుకుని చెప్తాను."

"మీరు కాదండీ. మీ అమ్మగారి నంబరు ఇస్తారా?"

అమ్మ వంటింట్లోంచి కదలకుండానే ఆ వారం ఉద్యోగంలో చేరింది. మురుగునీటి శుద్ధిలో పట్టా పుచ్చుకున్న చంటి, తగిన ఉద్యోగం దొరికేదాకా గొడుగు మోస్తూ ఆవిడ కింద పనిచేస్తున్నాడు.