కూలబడే బండి, కీత్ హెంబ్రో గడ్డం

కీత్ హెంబ్రో గడ్డమంత దుర్మార్గమైన గడ్డం ఇంగ్లండులో మా సోమర్‌సెట్ జిల్లా మొత్తంలో ఇంకొకటి లేదు. రోజూ నున్నగా గీసుకుంటాడు కాబట్టి చూసేవాళ్ళకి పెద్దమనిషి గడ్డంలాగే కనబడుతుంది. కానీ మా నాన్న పదిహేడేళ్ళు, ఆయన తర్వాత నేను ఇరవై రెండేళ్ళు గొర్రెల్ని మేపుకున్న బాతుల బీడులో ఈ వేసవి కీత్ గొర్రెలు మేస్తున్నాయంటే, దానికి కారణం ఆ గడ్డమే.

ఊళ్ళోవాళ్ళు మాత్రం తప్పంతా నా బండి మీదికి తోస్తున్నారు. "దాని వెనక భాగం బాగుచేయించుకుని ఉంటే బీడు నీ చేతిలోనే ఉండేది కదా" అని పాలవాడి దగ్గర్నుంచి పాస్టరమ్మ దాకా ప్రతివాళ్ళూ నాకు చెప్పేవాళ్ళే. బండి నోరులేనిది. దాని తరఫున నాలుగు ముక్కలు రాయకపోతే నేను మనిషినే కాను. పదిహేనో ఏట బడి మానేసినవాణ్ణే, ఒప్పుకుంటాను. నిజం చెప్పడానికి పెద్ద చదువు దేనికి?

ఆ నిజం ఏమిటంటే, పాత ఫోర్‌వీల్ బండి వెనకవైపు కూలబడటాన్ని మించిన వరం మనిషికి లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నా బండి వయసు ఇరవై మూడు. దానికి వెనక చక్రాల మీద ఇనప స్ప్రింగులు ఉండవు. గాలి నింపిన రబ్బరు తిత్తులు రెండుంటాయి. వెనక గొర్రెని ఎక్కించినా, అత్తగారిని ఎక్కించినా, బండి ఎంత కుంగిందో ఒక సెన్సర్ కనిపెడుతుంది. వెంటనే కంప్రెసర్ గాలి ఊది బండిని మళ్ళీ సమంగా నిలబెడుతుంది. కొత్తలో సంగతి ఇది. ఇరవై చలికాలాలు రోడ్డు మీది ఉప్పూ బురదా తిన్నాక రబ్బరు పగుళ్ళిస్తుంది. అప్పట్నుంచి ఇంజిన్ ఆపిన గంటకల్లా బండి ముసలి కుక్కలాగా వెనక కాళ్ళు మడిచి కూర్చుంటుంది.

లోకం దీన్ని రిపేరు అంటుంది. నేను వినయం అంటాను.

మా అత్తగారు ఎడ్నాకి ఎనభై నాలుగేళ్ళు. రెండు మోకాళ్ళూ ఆవిడ మాట వినవు. కీత్ ఆవిడ సొంత అక్క కొడుకు. వాడి కొత్త పికప్ ఎక్కాలంటే ఆవిడకి ఒక స్టూలు, ఇద్దరు మనుషులు, ఒక ప్రార్థన కావాలి. నా బండి అయితే ఆవిడ కోసం వంగి కూర్చుని ఉంటుంది. ఖరీదైన కార్లలో ఇలా వంగడానికి ప్రత్యేకంగా ఒక మీట పెట్టి అమ్ముతున్నారట. నాకు మీట కూడా అక్కర్లేకుండా వచ్చింది.

ఇక పొద్దున్నే ఇంజిన్ వేస్తే బండి లేవడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. కంప్రెసర్ గుర్రుపెట్టినట్టు మోగుతూ ఉంటుంది. ఆ పన్నెండు నిమిషాలూ నేనూ నా భార్య లిన్ టీ తాగుతూ మాట్లాడుకుంటాం. చెప్పండి, మీలో ఎంతమంది రోజుకి పన్నెండు నిమిషాలు భార్యతో మాట్లాడుతున్నారు? మా మాటలు ఎక్కువగా ఆ కంప్రెసర్ గురించే. అయినా మాటలు మాటలే కదా.

పైగా కుడి తిత్తి ఎడమదాని కంటే ఎక్కువ కారుతుంది. మా దేశంలో నడిపేవాడు కుడివైపు కూర్చుంటాడు. దానివల్ల మలుపు ఉన్నా లేకపోయినా లిన్ నా మీదికే ఒరిగి ఉంటుంది. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయినా వీళ్ళ ప్రేమ చూడండి అని ఊరు ముచ్చటపడేది. ఆ తిత్తి పాడవకముందు ఆవిడ కిటికీవైపు తిరిగి కూర్చునేది.

సాయంత్రం దీపాలు వేస్తే వెలుగు రోడ్డు మీద పడదు. వెనక కుంగింది కాబట్టి ముక్కు పైకి లేస్తుంది. చర్చి శిఖరం మీది కోడిబొమ్మ, చెట్ల మీది గుడ్లగూబలు పట్టపగల్లా కనిపిస్తాయి. గుంతలు కనిపించవు. ఎదురొచ్చేవాళ్ళందరూ దీపాలు ఆర్పి వెలిగించి నాకు సలాం కొడతారు. కొందరు అద్దం దించి మరీ పలకరిస్తారు. వాళ్ళ మాటలు ఇక్కడ రాయను, పిల్లలు చదువుతారు.

నా బండిని ఎవరూ అరువడగరు. దొంగలు కూడా ముట్టరు. పోయినేడాది మా వీధిలో రెండు ఫోర్‌వీల్ బండ్లు ఎత్తుకుపోయారు. నా బండి తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసి వెళ్ళారు. దొంగ తలుపు వేసి వెళ్ళాడంటే అది జాలి కాక మరేమిటి?

ఇన్ని మేళ్ళు చేసే బండిని బాగుచేస్తానని మా మెకానిక్ రెజ్ చిడ్జీ మూడేళ్ళు నా వెంటపడ్డాడు. ఒకరోజు బలవంతంగా జాకీ మీదికి ఎత్తి, తిత్తుల మీద సబ్బునీళ్ళు చల్లి చూపించాడు. బుస్సుమని బుడగలు వచ్చాయి.

"చూశావా? గాలి ఎక్కడెక్కడ పోతోందో" అన్నాడు.

"పుట్టినరోజు పండగలాగా ఉంది" అన్నాను.

"డెన్నిస్, వినవయ్యా. రెండు తిత్తులూ కొత్తవి వేస్తే ఒక్క పూట పని. లేదంటే ఈ గాలి గొడవంతా పీకి పారేసి ఇనప స్ప్రింగులు వేసేస్తాను. ఇక జన్మలో కుంగదు. ఇలాగే వదిలేస్తే రేపోమాపో కంప్రెసర్ కూడా కాలిపోతుంది. పాపం, రాత్రనకా పగలనకా ఊదుతోంది."

"ఆలోచిస్తాలే."

"మూడేళ్ళ నుంచీ ఆలోచిస్తున్నావు. అంత ఆలోచనకి ఈపాటికి ప్రొఫెసరు ఉద్యోగం ఇచ్చేవాళ్ళు."

ఇంటికొచ్చి నేనే బాగుచేశాను. పాత గంబూటు ఒకటి కోసి, ఆ రబ్బరు ముక్కని కుడి తిత్తికి జిగురుతో అంటించాను. నాలుగు రోజులు ఆగింది. రెజ్ ఆ ముక్కని గోటితో గీకి చూశాడు. "బరువు మాత్రం వెయ్యకు. నీకు దండం పెడతాను" అన్నాడు.

ఇక బీడు సంగతి. బాతుల బీడు ఊరుమ్మడి సొత్తు. వాగు పక్కన ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో కూడా పచ్చగా ఉంటుంది. అది లేకపోతే నా అరవై గొర్రెలకి మేత కొనుక్కోవాలి, లేదా గొర్రెల్ని అమ్ముకోవాలి. ఏటా ఈస్టర్ తర్వాతి సోమవారం పదకొండు గంటలకి ఊరి హాల్లో దానికి కొవ్వొత్తి వేలం పెడతారు. కొవ్వొత్తికి మంట కింద అంగుళం దూరంలో ఒక గుండుసూది గుచ్చుతారు. మైనం కరిగి సూది రాలే క్షణానికి ఎవరి పాట అందరికంటే పైన ఉంటే, ఏడాది పాటు బీడు వాళ్ళది.

నియమం ఒక్కటే, కానీ రాయిలాంటిది. కొవ్వొత్తి వెలిగాక సూది రాలేదాకా ఎవరూ కుర్చీలోంచి లేవకూడదు, పాట తప్ప ఇంకో మాట అనకూడదు. లేచినవాడి పాట చచ్చిపోతుంది. దాని కింది పాట బతుకుతుంది. మా నాన్న ఒకసారి వేడివేడి టీ ఒళ్ళో ఒలికినా కదల్లేదు. ఆ ఏడు బీడు మాదే. తొడ మీద మచ్చ చచ్చేదాకా ఉంది. దాన్ని ఆయన పతకంలాగా చూపించేవాడు.

ఆ సోమవారం నేను దారిలో దాణా కొట్టు దగ్గర ఆగి పద్నాలుగు బస్తాలు బండిలో వేసుకున్నాను. కొట్టు మంగళవారం తెరవరు మరి. రెజ్ మాట గుర్తొచ్చింది. గంబూటు మీద నమ్మకం అంతకంటే ఎక్కువగా ఉంది. బండిని హాలు బయట ఆపి, మా ముసలి కుక్క నెల్‌ని దింపాను. అది మామూలుగానే వెళ్ళి బండి వెనక భాగం కింద నీడలో పడుకుంది. ఏళ్ళ తరబడి దాని చోటు అదే.

లోపల కిటికీ నా వీపు వెనక ఉంది. కీత్ నాకు ఎదురుగా, కిటికీవైపు మొహం పెట్టి కూర్చున్నాడు. ఊరి గుమాస్తా ఆడ్రీ పోకాక్ సూది గుచ్చి కొవ్వొత్తి వెలిగించింది. పాట సాగింది. ఒక్కొక్కరే తగ్గారు. కీత్ పాడాడు, నేను పెంచాను. కీత్ మళ్ళీ పాడాడు, నేను మళ్ళీ పెంచాను. కీత్ నోరు మూశాడు. సూది ఒక పక్కకి వంగింది. హాల్లో మంట చిటపట తప్ప చప్పుడు లేదు.

అప్పుడు బయట ఠాప్‌మని పేలింది. వెంటనే సుయ్‌యని పెద్ద నిట్టూర్పు. ఆ చప్పుడు ఎవరిదో నాకు చెప్పక్కర్లేదు.

నేను కదల్లేదు. మా నాన్న కొడుకుని. కొవ్వొత్తి వైపే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు కీత్ గడ్డం లేచింది. ఒక్క మాట లేదు. పెద్ద విచారం మొహంలో పెట్టుకుని, గడ్డంతో మెల్లగా కిటికీవైపు చూపించాడు.

తిరిగి చూశాను. బండి వెనక భాగం నేలని ఆనుకోబోతున్నట్టుంది. దాని కింద నుంచి నెల్ తోక బయటికి వచ్చి ఉంది. తోక కదలడం లేదు.

"నెల్!" అని అరుస్తూ లేచాను.

కుర్చీ వెనక్కి పడింది. ఆ చప్పుడు ఆగేలోపే పళ్ళెంలో సూది టింగ్‌మని రాలింది.

"డెన్నిస్ లేచాడు" అని ఆడ్రీ పోకాక్ పుస్తకంలో రాసుకుంటూ అంది. "బీడు కీత్‌ది."

పరిగెత్తి వెళ్ళి బండి పక్కన బోర్లా పడుకుని కిందికి చూశాను. నెల్ ఆవలించింది. దాని వీపుకీ ఇనుముకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. పూర్తిగా కూలబడినా అంతకంటే కిందికి దిగకుండా లోపల రబ్బరు దిమ్మలు ఆపుతాయి. నేను మూడేళ్ళుగా రెజ్‌కి, లిన్‌కి, ఊరందరికీ చెబుతున్నది ఇదే కదా. అది దిగితే ఎవరికీ ఏ నష్టమూ లేదని.

వేలం అయ్యాక హాల్లో పంచే రొట్టె, చీజ్ ముక్క పట్టుకుని వెనకాలే కీత్ వచ్చాడు.

"గడ్డం ఎందుకు ఊపావురా?" అన్నాను.

"కుక్క హాయిగా నిద్రపోతోంది, కంగారుపడకు అని చెప్పాను" అన్నాడు. "నోటితో చెప్పకూడదు కదా, నియమం." చీజ్ ముక్క కిందికి చూపించగానే నెల్ పొట్ట మీద పాకుతూ బయటికి వచ్చి వాడి కాళ్ళ దగ్గర తోక ఊపింది.

ఆ మర్నాడే రెజ్ తిత్తులు పీకేసి ఇనప స్ప్రింగులు వేశాడు. నా గంబూటు ముక్కని తుడిచి నా చేతిలో పెట్టాడు. అది ఇంకా బాధగా ఉంది. బండి ఇప్పుడు నిటారుగా నిలబడుతోంది. అత్తగారికి స్టూలు కొన్నాం. లిన్ మళ్ళీ కిటికీవైపు తిరిగి కూర్చుంటోంది. ఇంజిన్ వెయ్యగానే బండి కదులుతుంది కాబట్టి టీ తాగే తీరికా లేదు. ఈ బండి కింద పడుకోవడం నెల్‌కి ఇప్పుడు నచ్చడం లేదు. వెళ్ళి చీజ్ పెట్టే కీత్ పికప్ కింద పడుకుంటోంది.

కాబట్టి మళ్ళీ చెబుతున్నాను, పాత బండి కూలబడటం వరమే. ఆ సంగతి నేను ఊరందరికీ బోధించాను. నమ్మినది ఆ ముసలి కుక్క ఒక్కటే. అది నిశ్చింతగా పడుకుంది. బోధించినవాడు మాత్రం కుర్చీలోంచి లేచాడు.

ఆ లేవడం వల్ల పోయింది ఏడెకరాల ముప్పై ఒక్క సెంట్లు. వాగు గట్టుతో కలిపి.