మామగారి జాకెట్టు

నేను జాకెట్లు కుడతానని చెప్పినప్పుడల్లా వినేవాళ్లు అదోలా నవ్వుతారు. ఈ వీధిలోకి వచ్చిన కొత్తలో ఎదురింటి టీచరమ్మ రెండు గుడ్డముక్కలూ, ఒక కొలత జాకెట్టూ తెచ్చి, "చేతులు మోచేతి దాకా పెట్టండి" అంది. నేను కుట్టేవి ఆ జాకెట్లు కావనీ, పాతకాలపు యుద్ధాల్లో విమానాలు నడిపినవాళ్లు తొడుక్కున్న తోలు జాకెట్లకు నకళ్లనీ చెప్పాను. ఆవిడ ఇంకా బెదిరిపోయి, "ఇప్పుడు యుద్ధం వస్తుందంటారా?" అని అడిగి వెళ్లిపోయింది.

వచ్చింది. మా ఇంట్లోనే వచ్చింది. మొదలుపెట్టింది నేనే.

మాది చిత్రమైన వృత్తి. కొత్త తోలు తెచ్చి, కొత్తగా కుట్టి, ఆ తర్వాత అది కొత్తది కాదని నమ్మించాలి. కస్టమర్లు ఏనాటిదో మసకబారిన ఫొటో ఒకటి పంపి, "అచ్చం ఇలాగే ఉండాలి" అంటారు. అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో భూతద్దం పెట్టి లెక్కపెడతారు. తోలు పని నాది, లోపలి అస్తరు మా ఆవిడది. ఎవరి కుట్టు బాగుంటుందన్న ప్రశ్న ఎవరూ అడగకుండా ఇన్నాళ్లూ జాగ్రత్తపడ్డాను.

మా కస్టమర్లలో ఒకాయనకు నేను డేగకళ్లాయన అని పేరు పెట్టుకున్నాను. ఒకే జాకెట్టును మూడుసార్లు తిప్పి పంపించాడు. మూడుసార్లూ ఒకే మాట: "కాలరు ఇలా ఉండదండీ. అసలుదాని కాలరు మెడమీద కూర్చుంటుంది. మీది పడుకుంటోంది."

అసలుది ఎలా కూర్చుంటుందో చూడడానికి నాకు ప్రపంచమంతా తిరగాల్సిన పని లేదు. మా ఇంటి వెనక గదిలో, మేకుకు తగిలించి ఉంది. అది మా మామగారిది.

మామగారు వైమానిక దళంలో మెకానిక్‌గా చేశారు. రిటైరై, అత్తగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. ఆయన దగ్గరున్న ఆ జాకెట్టు నిజంగా ఆకాశంలో తిరిగొచ్చిన జాకెట్టు. పదేళ్లుగా దాని చుట్టూ పిల్లిలా తిరుగుతున్నాను.

"మామయ్యగారూ, ఒక్కసారి కాలరు విప్పి చూసుకుని మళ్లీ కుట్టేస్తాను."

"బయటినుంచి ఎంతసేపైనా చూసుకో అల్లుడూ. విప్పొద్దు."

"లోపలి కత్తిరింపు తెలియాలి కదండీ."

"విప్పొద్దన్నానుగా."

అంతే. ఎందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఇలా ఉండగా ఆయనకు కంట్లో శుక్లం ఆపరేషన్ కుదిరింది. ఆస్పత్రి మా ఆవిడ అక్కగారి ఇంటికి దగ్గర. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు అక్కడే ఉంటారు, తోడుగా మా ఆవిడ మొదటి నాలుగు రోజులు ఉండి వస్తుంది. వాళ్లిద్దరినీ బస్సెక్కించి, "జాగ్రత్త, కంటికి దుమ్ము తగలనివ్వకండి" అని కన్నీళ్లొక్కటే తక్కువగా సాగనంపాను. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వెనక గదిలోకి పోయాను.

కాలరు మాత్రమే విప్పుదామనుకున్నాను. ఒట్టు. నాలుగు కుట్లు కోసి, కాలరును చిన్నగా పైకి లాగాను. ఎండుటాకు మీద కాలేసినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు. ఏళ్ల తరబడి ఎండిపోయిన తోలు, పాత సూది బెజ్జాల వెంబడే చిరిగిపోయింది.

దాన్ని సరిచేయాలంటే వీపు ముక్క కదపాలి. కదిపితే భుజం చిరిగింది. భుజం అతికించాలంటే చెయ్యి విప్పాలి. విప్పాక ఇక విప్పడానికి మిగిలింది రెండో చెయ్యే కాబట్టి, అది మాత్రం ఏం పాపం చేసుకుందని దాన్నీ విప్పాను. మూడోరోజు మధ్యాహ్నానికి బల్లమీద పదిహేడు ముక్కలున్నాయి. మా ఆవిడ ఒకరోజు ముందే వచ్చేసింది.

గుమ్మంలో నిలబడి బల్లవైపు చూసింది.

"ఏమిటండీ అది?"

"కాలరు."

"దాని పక్కనిది?"

"అదీ కాలరే. మిగతా సగం."

"నాన్న జాకెట్టేదీ?"

"చూస్తున్నావుగా. విడివిడిగా ఉంది."

సంచి కిందపెట్టి, కుర్చీలో కూలబడింది. నన్ను తిట్టినా బాగుండేది.

"కంగారుపడకు," అన్నాను. "ఆయన వచ్చేలోగా అచ్చం ఇలాంటిదే కుట్టి మేకుకి తగిలించేస్తాను. నా పనే అది కదా. ఆయనకి కన్ను కూడా సరిగ్గా ఆనదు."

"కన్ను ఆనాలనే కదండీ ఆపరేషన్ చేయించింది!"

ఈ సంగతి నాకు తట్టలేదు.

"ఫోన్ చేసి నిజం చెప్పేయండి."

"కన్ను నలిపేసుకుంటారే! డాక్టరు ఏడవకూడదన్నాడు."

"మీ భయం నాన్న కన్ను గురించా, మీ గురించా?"

ఆవిడ నావైపు అదోలా చూసి, "సరే, మీ ఇష్టం" అంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ మాట నాలుగుసార్లే అంది. నాలుగుసార్లూ నా పరువు పోయింది. అయినా సంబరపడిపోయాను చూడండి, అదీ నా తెలివి.

పన్నెండు రోజుల్లో జాకెట్టు తయారైంది. అస్తరు మా ఆవిడే వేసిపెట్టింది. ఇక దానికి వారం రోజుల్లో ఒక జీవితకాలం వయసు రావాలి. గరుకు కాగితంతో భుజాలు రుద్దాను. వంటింట్లో కారెట్లు తురిమే రేకుతో మోచేతులు గీకాను. చిక్కటి టీ కాచి మరకలు పోశాను. అదే తొడుక్కుని, మండుటెండలో డాబామీద ఈ చివరి నుంచి ఆ చివరికి పొర్లాను. ఎదురింటి టీచరమ్మ తన డాబా మీంచి చూసి, మా ఆవిడను పిలిచి మెల్లగా అడిగింది.

"మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా అమ్మా?"

"ఒంట్లో బాగానే ఉందండీ," అంది మా ఆవిడ.

మామగారు వచ్చారు. నల్లకళ్లద్దాలు తీసి గదంతా కలయజూశారు. మేకు దగ్గరికెళ్లి, జాకెట్టు తీసి తొడుక్కున్నారు.

"ఆపరేషన్ బ్రహ్మాండంగా కుదిరింది అల్లుడూ. అన్నీ కొత్తగా కనిపిస్తున్నాయి. ఈ జాకెట్టు కూడా!"

"డాక్టరు మంచివాడండీ," అన్నాను.

గండం గడిచిందనుకున్నాను. అప్పుడే మొదలైంది.

అంతకుముందు ఆ జాకెట్టు గురించి నోరు విప్పని మనిషి, రోజూ టీ తాగే వేళకు దాన్ని ఒళ్లో పెట్టుకుని కథలు చెప్పడం మొదలుపెట్టారు.

"ఈ మరక చూశావా? ఇంజన్ ఆయిలు. గాలివానలో రెక్కమీదెక్కి పనిచేస్తుంటే పడింది."

అది నా టీ. చక్కెర కూడా వేశాను.

"మోచేతి దగ్గర ఈ గీతలేమిటో తెలుసా? రన్‌వే మీద జారి పడ్డప్పటివి. ఎంత బాధపడ్డానని!"

ఆ గీతల్లో వెతికితే ఇంకా కారెట్టు దొరుకుతుంది.

"అయ్యో నాన్నా! ఇంకా చెప్పండి," అనేది మా ఆవిడ, చెంగు నోటికడ్డం పెట్టుకుని. ఏడుస్తోందనుకునేవాణ్ణి. పాపం, ముసలాయన లేని జ్ఞాపకాలు తడుముకుంటున్నాడని జాలిపడేవాణ్ణి. ఆయన జ్ఞాపకాలను ముక్కలుగా కోసి గోనెసంచిలో వేసినవాణ్ణి నేనే కదా. ఆయన చెప్పే ప్రతి గీతకూ తలూపుతూ, రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచేవాణ్ణి.

ఈలోగా అసలు కాలరు కొలతలతో వెంట్రుకవాసి తేడా లేకుండా కుట్టిన జాకెట్టు డేగకళ్లాయనకు పంపాను. వారానికి జవాబొచ్చింది. "ఇదీ కాదండీ. అసలు కాలరు ఇలా ఉండనే ఉండదు."

ఆ ఉత్తరం పట్టుకుని వెనక మెట్లమీద చాలాసేపు కూర్చున్నాను. దీనికోసమా నేను అంత పని చేసింది?

సరిగ్గా ఆ రోజే మామగారు పిడుగులాంటి మాట చెప్పారు.

"అల్లుడూ, ఈ జాకెట్టుని మ్యూజియానికి ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఆదివారం నిపుణుడొచ్చి చూస్తాడట."

"ఇప్పుడెందుకండీ! ఇంట్లోనే ఉండనీయండి."

"నేను పోయాక ఎవరు చూస్తారు?"

"నేను చూస్తానండీ. అయినా దీనికి పురుగు పట్టింది."

"పురుగా? ఎక్కడ?"

"అదే... చెదలు."

"తోలుకి చెదలు పట్టడం ఇదే మొదటిసారి వినడం," అంది మా ఆవిడ. "మ్యూజియం వాళ్లకి చెబితే ఆ చెదపురుగుల్ని కూడా తీసుకెళ్తారు."

శుక్రవారం జాకెట్టు తీసుకెళ్లి మిషన్ వెనక దాచాను. సాయంత్రానికల్లా మా ఆవిడ దాన్ని దులిపి మేకుకి తగిలించింది. శనివారం తెల్లవారాక నావల్ల కాలేదు. నిపుణుడు వస్తాడు, ఒక్కసారి తిరగేసి చూస్తాడు, ఆ ముసలాయన్ని దొంగసరుకు తెచ్చినవాడిలా చూస్తాడు. టీ తాగుతున్న ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను.

"మామయ్యగారూ, ఆ జాకెట్టు మీది కాదు. నేను కుట్టింది. మీది నేను పాడుచేశాను."

ఆయన కప్పు కిందపెట్టి గోడమీది కేలండరు వైపు చూశారు.

"నలభై ఏడు రోజులు పట్టింది," అన్నారు.

"నేను నెలలో చెప్పేస్తారనుకున్నాను నాన్నా," అంది మా ఆవిడ. "పందెం మీరే గెలిచారు."

ముక్కలు చూసిన రోజే ఫోన్ చేసి చెప్పేసిందట. "అతన్నే చెప్పనీ, నువ్వు కదిలించకు" అన్నారట ఆయన. నిపుణుడూ లేడు, మ్యూజియమూ లేదు. మరకల కథలన్నీ, పాపం, అప్పటికప్పుడు కల్పించి చెప్పినవే. ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంతటితో తేలిపోయినందుకు ఇద్దరి కాళ్లూ పట్టుకోవాలనిపించింది.

నవ్వు తగ్గాక మామగారు కళ్లు తుడుచుకుని అడిగారు.

"తోలుకేముందిలే, ఎప్పటికైనా పోయేదే. జిప్పు ఎక్కడ పెట్టావు?"

ఆ ఇత్తడి జిప్పు సగంలో పట్టేసి, పచ్చగా చిలుము పట్టి ఉంది. పనికిరాదని, పాత బకిళ్లతో పాటు ఇనప సామానువాడికి వేసేశాను. ఆ మాట చెప్పాను.

ఆయన ముఖం మారలేదు. తల మాత్రం కిందికీ పైకీ రెండుసార్లు ఊపారు.

"ఆ జాకెట్టు నాది కాదు అల్లుడూ," అన్నారు. "మా పైలట్‌ది. నాకంటే రెండేళ్లు చిన్నవాడు. ఒకరోజు పొద్దున్నే జిప్పు పట్టేసిందని విసుక్కుంటున్నాడు. ఇటివ్వండి సార్, సాయంత్రానికి బాగుచేసి ఇస్తానన్నాను. స్వెటరు తొడుక్కుని వెళ్లాడు. సాయంత్రానికి విమానం రాలేదు."

మా ఆవిడ నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు. ఈ సంగతి ఆవిడకూ కొత్తే.

"జాకెట్టు ఎవరూ అడగలేదు. నేనూ జిప్పు ముట్టుకోలేదు. బాగుచేసి ఎవరికివ్వను?"

"పదేళ్లుగా నాకెందుకు చెప్పలేదు మామయ్యగారూ?"

"నువ్వు అడిగింది కాలరు గురించి కదా," అన్నారు.

అందులో కోపం లేదు. ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆ క్షణమే చెప్పులేసుకుని ఇనప సామాను కొట్టుకి పరిగెత్తాను. కొట్టువాడు నన్ను ఎగాదిగా చూసి, పెరట్లో నా నడుమెత్తున్న గుట్ట చూపించాడు. పొద్దుపోయేదాకా అందులో మోకాళ్లమీద తవ్వాను. పాత సంచులవీ, పెట్టెలవీ, పరుపు గలీబులవీ కలిపి దొరికిన జిప్పులన్నీ మూటగట్టి తెచ్చాను. చేతులు రెండూ గీరుకుపోయాయి.

మామగారు బల్లమీద పేపరు పరిచి, ఒక్కొక్కటీ కొత్త కంటి దగ్గరగా పెట్టుకుని చూశారు. మా ఆవిడ పక్కనే కూర్చుంది. చివరిదాకా చూశారు.

"ఇందులో లేదు," అన్నారు.

నేను ఏదో అనబోయాను. ఆయన వినిపించుకోలేదు. ఒక జిప్పు చేతిలోనే ఉండిపోయింది. ఏదో పెట్టెదనుకుంటాను, సగంలో పట్టేసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి, "కాస్త నూనె, ఒక పెన్సిలు, పట్టకారు పట్రా" అన్నారు.

పళ్లమీద పెన్సిలు రుద్దారు. ఒక బొట్టు నూనె వేశారు. వంగిన పన్ను ఒకటి పట్టకారుతో నొక్కి నిలబెట్టారు. పది నిమిషాలు పట్టిందేమో. వేలితో లాగితే జిప్పు జర్రున ఆ చివరిదాకా వెళ్లింది.

"ఇంతే పని," అన్నారు. దాన్ని మళ్లీ వెనక్కి లాగారు, మళ్లీ ముందుకి. "చూశావా? ఇంతే పని. అతను నిలబడి ఉండగానే అయిపోయేది."

ఆయన ఆ జిప్పు పక్కనపెట్టి, చెయ్యి చాపి ఇంకోటి ఇమ్మన్నారు. నేను గబుక్కున పట్టేసిన జిప్పు ఒకటి ఏరి, వదులు చేసి ఇద్దామని లాగబోయాను.

"మీరు పట్టుకోండి చాలు," అంది మా ఆవిడ. "లాగకండి."

రెండు కొసలూ కదలకుండా పట్టుకుని కూర్చున్నాను.