సోల్డరమ్మ బోర్డుకు మంత్రిగారి దత్తత

పాత గేమ్ కంట్రోలర్లకు ప్రాణం పోసే సర్క్యూట్ బోర్డును తమ శాఖ కనిపెట్టిందనీ, దాని డిజైన్‌ను చరిత్రలో తొలిసారిగా ప్రజలందరికీ ఉచితంగా ఇవ్వబోతున్నామనీ సాంకేతిక శాఖ మంత్రిగారు ప్రకటించారు. రెండేళ్లుగా ఆ డిజైన్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉందన్న చిన్న విషయం ఆయన దాకా రాలేదు. పెద్దవాళ్ల దాకా చిన్న విషయాలు రావు.

ఆ డిజైన్ గీసిన మనిషి వార్త విన్నప్పుడు తన రిపేరు షాపులో ఒక రేడియో పొట్ట విప్పి కూర్చుంది. వైర్లు అతికే సోల్డరింగ్ కడ్డీ ఎప్పుడూ చేతిలో ఉంటుందని వీధిలో అందరూ ఆమెను సోల్డరమ్మ అంటారు. ఆమె అక్కకు ప్రింటింగ్ ప్రెస్సులో కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. కార్ల పందెం గేమంటే అక్కకు ప్రాణం. అలవాటైన పాత కంట్రోలర్ కొత్త మెషిన్‌కు అతకదు, కొత్త కంట్రోలర్ అక్క చేతికి అతకదు. చెల్లెలు ఏడాదిపాటు తంటాలు పడి అగ్గిపెట్టెంత బోర్డు తయారుచేసి పాతదాని లోపల బిగించింది. కుడిచేతి బటన్ల పనంతా ఎడమచేతికి మార్చింది. ‘ఎవరైనా చేసుకోండి, మార్చుకోండి, నన్ను అడగక్కర్లేదు’ అని రాసి డిజైనంతా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎక్కడెక్కడివాళ్లో చేసుకున్నారు. తప్పులుంటే దిద్ది పంపారు కూడా.

మర్నాడు జాయింట్ డైరెక్టర్ గారు షాపుకు వచ్చారు.

“అమ్మా, మీ డిజైన్‌ను మంత్రిగారు ప్రజలకు అంకితం చేస్తున్నారు.”

“అది ఇప్పటికే అందరిదీ కదండీ.”

“అందరిదీ అంటే ఎవరిదీ కానట్టే. అందుకే ఆయన దత్తత తీసుకున్నారు. ముందు మీరు దాన్ని ఇంటర్నెట్‌లోంచి తీసెయ్యాలి.”

“ఎందుకండీ?”

“తెరిచి ఉన్న తలుపును మంత్రిగారి చేత ఎలా తెరిపిస్తామమ్మా? ముందు మూయాలి కదా.”

“వెయ్యిమంది దగ్గర కాపీలున్నాయండీ.”

ఆయన డైరీ తీసి ‘లబ్ధిదారులు: వెయ్యి’ అని రాసుకున్నారు. నమూనా కావాలంటూ అక్క కంట్రోలర్ పట్టుకెళ్లారు. రశీదు ఇచ్చారు. అక్క ఆ రశీదును అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి బటన్లు లేవే,” అంది.

కంట్రోలర్ కోసం నెల రోజులు సోల్డరమ్మ ఆయన ఆఫీసు చుట్టూ తిరిగింది. నిపుణుల సంఘం బోర్డును మెరుగుపరుస్తోందన్నారు. చివరికి మెరుగుపడిన బోర్డును చూపించారు. నట్టనడుమ మంత్రిగారి బొమ్మ ముచ్చటగా ఉంది.

“ఇక్కడ చిప్ ఉండాలండీ.”

“బొమ్మకు చోటు చాల్లేదమ్మా.”

“చిప్ లేకపోతే పనిచెయ్యదు కదండీ.”

“పనిచెయ్యడం రెండో దశలో పెట్టుకున్నాం,” అన్నారు జాయింట్ డైరెక్టర్ గారు ఓపిగ్గా.

ఆవిష్కరణ సభకు అక్కను తొలి లబ్ధిదారుగా పిలిచారు. వేదిక మీద గోడంత తెర. పక్కన అద్దాల పెట్టెలో అక్క కంట్రోలర్, దాని కింద ‘మా శాఖ తొలి ప్రయోగం’ అని చీటీ. సరిగ్గా అలాంటిదే మరో పాత కంట్రోలర్‌లో కొత్త బోర్డు బిగించారు. మంత్రిగారు దాన్ని అక్క చేతిలో పెట్టి, ఫొటోలు దిగి, వెళ్లి ముందువరసలో కూర్చున్నారు.

పందెం మొదలైంది. అక్క ఎడమకు నొక్కింది. కారు కుడికి తిరిగింది. అక్క బ్రేకు నొక్కింది. కారు దూసుకుపోయింది. కాసేపటికి అక్క కంట్రోలర్‌ను ఒళ్లో పెట్టుకుని, అందరితోపాటు తనూ తెర చూడసాగింది. కారు ఒక్క మలుపు కూడా తప్పకుండా వెళ్లి అందరికన్నా ముందు గీత దాటింది.

తెరమీద పెద్ద అక్షరాలు వెలిగాయి. ‘విజేత: గౌరవనీయులైన సాంకేతిక శాఖ మంత్రివర్యులు.’

సభ గతుక్కుమంది. మంత్రిగారు గతుక్కుమనలేదు. వినయంగా లేచి, వేదికెక్కి, కప్పు అందుకున్నారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆ హడావుడిలో సోల్డరమ్మ అద్దాల పెట్టె మూత ఎత్తింది. అక్క ఒళ్లో ఉన్నదాన్ని పెట్టెలో పెట్టి, పెట్టెలో ఉన్నదాన్ని తన సంచిలో వేసుకుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ పక్క తలుపులోంచి బయటపడ్డారు. ఆ సాయంత్రం అక్క ఇంట్లో పందెం ఆడి ఐదో స్థానంలో వచ్చింది. ఎంతో సంతోషించింది.

వారం తర్వాత నిపుణుల సంఘం అద్దాల పెట్టెలోని కంట్రోలర్‌ను క్షుణ్ణంగా పరీక్షించింది. శాఖ తొలి ప్రయోగం నేటికీ నిక్షేపంగా పనిచేస్తోందని ఏకగ్రీవంగా ధ్రువీకరించింది.